ప్రాంప్ట్‌కు పట్టా ఇవ్వకండి

దసరా ప్రాంప్ట్ పండుగ నిర్వాహకులకు, నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో ఫ్యాన్ ఫిక్షన్ రాసే, చదివే మిత్రులందరికీ,

నమస్కారం.

మీరు పంపిన నియమాల ముసాయిదా చదివాను. ఇన్నాళ్లూ ఎవరికి తోచినట్టు వాళ్లం రాసుకుంటూ వచ్చాం. ఇప్పుడు గద్వాల నుంచి కోదాడ దాకా రాసేవాళ్లు పెరిగారు కాబట్టి నాలుగు నియమాలు ఉండాలన్నది నేనూ ఒప్పుకుంటాను. మీరు రాసినవాటిలో చాలావాటికి నాకు అభ్యంతరం లేదు. రెండింటికి మాత్రం ఉంది. ఒక ప్రాంప్ట్‌ను ముందుగా ‘నాది’ అన్నవాళ్లకే రాసిచ్చి, ఇంకెవరూ దాని మీద రాయకుండా మూసేయడం మొదటిది. కథ బయటికి రాకముందే ప్రాంప్ట్ ఇచ్చినవారికి చూపించి, ఒప్పించుకొని రావాలనడం రెండోది. ఈ రెండూ తీసేయమని అడగడానికే ఈ ఉత్తరం. మీకు విడిగా ఫోన్ చేసి చెప్పి ఊరుకోవచ్చు. కానీ ఇది మనందరి రాతకు సంబంధించిన ముచ్చట, అందరి ముందూ మాట్లాడుకుంటేనే బాగుంటుంది.

కొత్తగా చేరినవాళ్లకు ఒక మాట. అప్పటికే ఉన్న కథలోని మనుషుల్ని, వాళ్ల లోకాన్ని తీసుకొని మనం రాసే కొత్త కథ ఫ్యాన్ ఫిక్షన్. ‘ఇట్ల జరిగి ఉంటే ఎట్లుండు?’ అని ఒకరు విసిరే ఊహ ప్రాంప్ట్. దాన్ని అందుకొని ఇంకొకరు రాసిన కథ ఫిల్. దసరాకు ఇట్ల ప్రాంప్ట్‌లు ఇచ్చుకొని కథలు రాసుకునేదే మన పండుగ. అంతే.

పేర్లు కొత్తవి కావచ్చు గానీ ఈ ఇచ్చిపుచ్చుకోవడం మనకు కొత్త కాదు. అవధాన సభలో అడిగేవాడు, అంటే పృచ్ఛకుడు, పద్యం చివరి పాదాన్ని సమస్యగా ఇస్తాడు, మిగతా పాదాలు అల్లి అవధాని పూరిస్తాడు. తిరుపతి వేంకట కవుల లాంటివాళ్లు గద్వాల, ఆత్మకూరు సంస్థానాల దాకా వచ్చి ఆదరణ పొందిన నేల మనది. కాబట్టి ‘ప్రాంప్ట్ మీద హక్కు ఎవరిది’ అన్న ప్రశ్నకు జవాబు వెతకడానికి మనం ఎంతో దూరం పోనక్కర్లేదు.

‘కుంజరయూథంబు దోమ కుత్తుక జొచ్చెన్’ అన్న సమస్య వినని తెలుగువాళ్లు తక్కువ. ఏనుగుల మంద దోమ గొంతులో దూరిందట. తెనాలి రామకృష్ణుడి పేరు మీద చాటువుగా చెప్పుకునే కథ అది. ఆయనంటే గిట్టనివాళ్లు ఒక కావలివాడిని ఎగదోసి ఈ సమస్య అడిగిస్తారు. ఎవరు అడిగించారో, ఎందుకు అడిగించారో ఆయనకు తెలిసిపోయింది. ఆ పూరణంతా తిట్టే. గంజాయి తాగి అడుగుతున్నావా, ఏనుగుల మంద దోమ గొంతులో దూరడమేంటని దులిపేస్తాడు. తర్వాత అదే సమస్య రాజు కొలువులో అడుగుతాడు. ఈసారి పూరణ వేరు. శత్రువుల్ని చీల్చి చెండాడగల పాండవులు విరాటుడి కొలువులో పనివాళ్లయ్యారు, విధిని ఏమనాలి, ఏనుగుల మంద దోమ గొంతులో దూరిందని వాపోతాడు.

ఈ రెండో పూరణ దగ్గర కొంచెం సేపు ఆగుదాం. ఇచ్చిన సమస్యలో భారతం ఊసే లేదు. ఏనుగులున్నాయి, దోమ ఉంది. పాండవుల్ని, విరాటుణ్ణి తెచ్చింది పూరించినవాడు. పైగా ఆ పద్యంలో ‘సంజయా’ అన్న పిలుపు ఉంది. సంజయుడితో మొర పెట్టుకునేది ఎవరు? ధృతరాష్ట్రుడే అనుకోవాలి. ఎవరి కొడుకుల వల్ల పాండవులు ఆ స్థితికి వచ్చారో, ఆ గుడ్డి తండ్రి నోట ఆ బాధ పలికించాడు. నాలుగు పాదాల పద్యంలో, అదీ చివరి పాదం ముందే ఖరారై ఉండగా, ఎవరి వైపు నుంచి చెప్పాలో ఎంచుకున్నాడు. మనం రోజూ చేయాలని తాపత్రయపడే పని ఇదే. ఇక మన విషయానికొస్తే, సమస్య అదే, పూరించినవాడూ ఒకడే, అయినా పూరణలు రెండు. కావలివాడికి చెప్పిన పూరణతో ఆ సమస్య చెల్లిపోయిందని ఎవరైనా తాళం వేసి ఉంటే, ధృతరాష్ట్రుడి మొర మనకు దక్కేది కాదు.

అవధానంలో పృచ్ఛకుడి హక్కు ఎంతవరకో కూడా చూడండి. నిషిద్ధాక్షరిలో అక్షరం అక్షరానికీ అడ్డం పడతాడు, ఈ అక్షరం వద్దంటాడు. వద్దన్నది వాడితే అవధాని ఓడినట్టే. ఆ హక్కు గట్టిది. కానీ ఆ వద్దన్న అక్షరాలన్నీ తప్పించుకొని పద్యం ఎటు పోవాలో చెప్పే హక్కు పృచ్ఛకుడికి లేదు. సమస్య ఇచ్చినాయన మనసులో వేరే పూరణ ఉండవచ్చు. అయినా ‘నేను అనుకున్నది ఇది కాదు, మార్చి చెప్పు’ అనడు. అట్ల అన్నాడంటే సభ నవ్వుతుంది.

మనకూ అవధానులకూ ఒక పెద్ద తేడా ఉంది, అది మరిచిపోవద్దు. అవధాని సభకు ఒప్పుకొని వచ్చినవాడు, సమస్య ఇస్తే పూరించి తీరాలి. మనలో ఎవరూ ఎవరికీ బాకీ లేరు. డిగ్రీ చదివే పిల్లలు, సూర్యాపేటలో దుకాణం నడిపేవాళ్లు, నైట్ డ్యూటీ నర్సులు, బడి అయ్యాక రాసుకునే టీచర్లు, అందరూ తమ నిద్ర తగ్గించుకొని ఊరికే రాసి ఇస్తున్నారు. రూపాయి లేని పని. అడిగేవాళ్లకు ఇంకాస్త సంకోచం ఉండాలే తప్ప ఇంకాస్త పెత్తనం ఉండకూడదు.

పోయినసారి నల్లమల మీద ఒక మంచి ప్రాంప్ట్ వచ్చింది, మీకు గుర్తుండే ఉంటుంది. ‘చెంచులక్ష్మికి పెండ్లయి పోయినంక, వాళ్ల తమ్ముడు అక్కను చూడనీకి నరసింహస్వామి ఇంటికొస్తే?’ ఒక్క వాక్యం. నరసింహస్వామి తమ ఇంటి అల్లుడని చెంచుల నమ్మకం కాబట్టి ఆ వాక్యంలో ఎంత కథ ఉందో మనవాళ్లకు చెప్పనక్కర్లేదు. అచ్చంపేట నుంచి రాసే ఒక తమ్ముడు వెంటనే ‘నేను తీసుకుంటున్న’ అన్నాడు. తర్వాత పత్తి ఏరే రోజులొచ్చాయి, ఇంటి పనిలో పడ్డాడు, కథ ఆగింది. అందులో అతని తప్పేమీ లేదు. ఈలోపు దేవరకొండ చెల్లె ఒకామె అదే ప్రాంప్ట్ మీద మొత్తం కథ రాసి పెట్టుకుంది. పంపిద్దామని అడిగితే ‘అది వేరేవాళ్లు తీసుకున్నరమ్మా’ అన్నారు. ఆమె నోరు మూసుకొని ఊరుకుంది. నెలల తర్వాత ఆ తమ్ముడే ఈ సంగతి విని, ‘అయ్యో, నా కోసం ఆపుడేంది, పెట్టమనుండ్రి’ అని తనే చెబితే గానీ ఆ కథ బయటికి రాలేదు. తర్వాత అతనిదీ వచ్చింది.

రెండూ చదివినవాళ్లకు నేను చెప్పేది అర్థమవుతుంది. తమ్ముడి కథలో ఆ చెంచు పిల్లవాడు వెదురు గొట్టంలో తేనె పట్టుకొని వస్తాడు. గుడి వాకిట ఆపేస్తారు. నైవేద్యం వేళ, ఇప్పుడు లోపలికి పోరాదంటారు. లోపల గంట మోగుతున్నది, పులిహోర, దద్ధ్యోజనం పెట్టారు, స్వామికి మాత్రం ముద్ద దిగడం లేదు. గాలిలో అడవి తేనె వాసన వస్తున్నది. ఆయన లేచి రావడానికి లేదు, ఎందుకంటే దేవుడు నైవేద్యం మధ్యలో లేస్తే పూజారి తల కొట్టేసినట్టు అవుతుంది. ఆ ఇరకాటం మీదే కథంతా నడిపాడు, కడుపుబ్బ నవ్విస్తూ.

చెల్లె కథలో స్వామి లేనే లేడు. చెంచులక్ష్మీ లేదు, ఇద్దరూ వేటకు పోయారు. వాకిట కూర్చున్న పిల్లవాడి దగ్గరికి ఆదిలక్ష్మి వస్తుంది. సవతి తమ్ముడు. ఏం మాట్లాడాలో ఇద్దరికీ తెలియదు. నీళ్లిస్తుంది. ఎన్ని దినాలు నడిచినవ్ అంటుంది. మా అక్క మంచిగున్నదా అంటాడు వాడు, ఎవరిని అడుగుతున్నాడో తెలియకుండానే. కాసేపటికి ఆమె అంటుంది: ‘నాకూ ఒక తమ్ముడున్నడు. రోజూ రాత్రి కనవడతడు. ఒక్కనాడూ కిందికి దిగి నా వాకిట్ల కూసోలే.’ పాలసముద్రంలో లక్ష్మితో పాటు పుట్టిన చంద్రుణ్ణి అంత మామూలుగా, పుట్టింటి మీద బెంగ పెట్టుకున్న ఆడపిల్ల నోట అనిపించింది. ఆ మాట దగ్గర నాకు కళ్లు చెమర్చాయి.

ప్రాంప్ట్ ఇచ్చినాయన ఆ కథ కింద ఏం రాశారు? ‘నేను అడిగింది బావామరుదుల సరసం. మీరు ఏడిపించిండ్రు. ఇది నా ప్రాంప్ట్‌కు ఫిల్ కాదు.’ ఆ తర్వాత ఆమె చాలా రోజులు ఏమీ రాయలేదు.

ఇప్పుడు మీ ముసాయిదా పెట్టి చూడండి. మొదటి నియమం ఉంటే, అచ్చంపేట తమ్ముడు అంత మంచివాడు కాకపోతే, రెండో కథ రాదు. రెండో నియమం ఉంటే అతను ఎంత మంచివాడైనా రాదు, ఎందుకంటే అడిగినాయన ఒప్పుకోరు. ఆదిలక్ష్మి వాకిట్లోకి వచ్చే దారే మూసుకుపోతుంది. మీ ఉద్దేశం అది కాదని నాకు తెలుసు. గొడవలు రాకూడదనే ఆ నియమాలు పెట్టారు. కానీ గొడవ తప్పించడానికి కథనే తప్పిస్తున్నాం.

ఈ చిక్కు ఎక్కడ మొదలైందో కూడా చెబుతాను. ఫ్యాన్ ఫిక్షన్ లోకంలో రెండు వేర్వేరు పద్ధతులున్నాయి, మీ ముసాయిదాలో అవి కలిసిపోయాయి. ఒకటి కానుకల మార్పిడి. 2003 నుంచి ఏటా జరిగే యూల్‌టైడ్ దీనికి పేరుపొందిన ఉదాహరణ. పెద్దగా ఎవరూ రాయని కథాలోకాల కోసం పెట్టుకున్నది. ప్రతి ఒక్కరూ తమకేం కావాలో చెబుతారు, ఎవరికి ఎవరు రాయాలో నిర్వాహకులు జత కలుపుతారు. కనీసం 1000 మాటల కథ గడువులోగా ఇవ్వాలి. రాయలేకపోతే ముందే చెప్పి తప్పుకోవాలి, అప్పుడు ఆ బాధ్యత ఇంకొకరు అందుకుంటారు. అక్కడ ఒకరికి ఒకరు బాధ్యులు. నువ్వు ఇంకొకరికి రాస్తావు, నీకు వేరొకరు రాస్తారు, కాబట్టి మధ్యలో వదిలేస్తే ఒకరి చేయి ఖాళీగా మిగులుతుంది. అంత కట్టుదిట్టమైన చోట కూడా, రాయించుకునేవాళ్లు ‘ఇవి వద్దు’ అన్నవే రాసేవాళ్లకు తప్పనిసరి. ‘ఇట్ల ఉంటే బాగుంటుంది’ అని ఎంత పొడుగు ఉత్తరం రాసినా అది కోరిక వరకే, తీర్చాలన్న నిర్బంధం లేదు. కథ ముందే చూపించి ఒప్పించుకోవడమన్నది అక్కడా లేదు.

రెండోది బహిరంగ ప్రాంప్ట్‌ల పద్ధతి. ప్రాంప్ట్‌లన్నీ ఒక చోట పోస్తారు, నచ్చింది నచ్చినవాళ్లు తీసుకుంటారు. 2019లో హ్యూగో అవార్డు అందుకున్న ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్ అనే ఫ్యాన్ ఫిక్షన్ వెబ్‌సైట్‌లో ఇలాంటి ప్రాంప్ట్ సేకరణలు పెట్టుకోవడానికి ఏర్పాటు ఉంది. అందులో ఒకే ప్రాంప్ట్‌ను ఎంతమందైనా క్లెయిమ్ చేసుకోవచ్చు. ఒకరు చేసుకున్నారని రెండోవాళ్లకు తలుపు మూయరు. మన దసరా పండుగ ముమ్మాటికీ ఈ రెండో రకం. ఎవరికీ ఎవరినీ జత కలపడం లేదు. మరి జత కలిపినప్పటి కట్టుబాట్లు ఇక్కడికి ఎందుకు తెచ్చుకోవాలి? కానుకల మార్పిడి పెట్టాలనుకుంటే సంక్రాంతికి విడిగా పెడదాం, నేనే ముందు పేరిస్తాను.

మొదటి నియమం కావాలన్నవాళ్ల భయం నాకు తెలుసు. దాన్ని తేలిగ్గా తీసేయను. నేను రెండు నెలలు కష్టపడి రాస్తే, అదే ప్రాంప్ట్ మీద ఇంకెవరో నాకంటే ముందు పెడతారు, అందరూ దాన్నే మెచ్చుకుంటారు, నాది ఎవరూ చదవరు. రాసేవాళ్లకు ఇది నిజమైన బాధ. దానికి మందు వేరే ఉంది. యూల్‌టైడ్‌లో కథలన్నీ డిసెంబరు 25న ఒక్కసారే తెరుస్తారు, రాసినవాళ్ల పేర్లు లేకుండా. జనవరి 1న పేర్లు చెబుతారు. ఆ మధ్య రోజుల్లో అందరూ కథను కథగా చదువుతారు. మనం సద్దుల బతుకమ్మ రాత్రి కథలన్నీ తెరిచి, దసరా నాడు జమ్మి ఇచ్చిపుచ్చుకున్నాక పేర్లు చెప్పుకుందాం. ఎవరు ముందు, ఎవరు వెనుక అన్న పోటీ అక్కడితో పోతుంది. ఇంకో లాభం కూడా ఉంది. పేరున్నవాళ్ల కథలకే వెంటనే ఎగబడి, కొత్తవాళ్లవి పక్కకు పెట్టే అలవాటు మనలో ఉంది, అదీ కొంత తగ్గుతుంది.

‘నేను రాస్తున్న’ అని ముందుగా చెప్పుకోవడం మంచిదే. అదే ప్రాంప్ట్ మీద రాస్తున్న ఇంకొకరు తెలిస్తే తోడు దొరుకుతుంది. అది కబురుగా ఉన్నంతవరకు ఎవరికీ ఇబ్బంది లేదు. రెండు కథల్లో ఒకే ఘట్టం వచ్చినంత మాత్రాన దొంగతనం అని కూడా అనవద్దు. చెంచు తమ్ముడు అక్క ఇంటికి ఏదైనా పట్టుకొని పోవాలంటే పది మందిలో తొమ్మిది మంది తేనే పట్టిస్తారు. ఒకరి వాక్యాలు ఎత్తుకొచ్చి పెట్టుకుంటే అప్పుడు అడగాలి, గట్టిగానే అడగాలి.

ఒక సవాలుకు ఎంతమంది బదులు చెబితే ఏమవుతుందో పాలమూరువాళ్లకు నేను చెప్పాలా? నిజాం రాజ్యంలోని తెలుగు నేలలో కవులే లేరన్న మాట వచ్చినప్పుడు, గద్వాల ప్రాంతం వాడైన సురవరం ప్రతాపరెడ్డి 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. 354 మంది కవుల్ని ఒక్కచోట నిలబెట్టారు. ఒక్క మంచి కవి ఒక్క మంచి పద్యంతో బదులిచ్చి ఉంటే వాదనగా సరిపోయేదేమో. ఆ బదులు ఇప్పటికీ గుర్తుందంటే, చెప్పినవాళ్లు అంతమంది కాబట్టి.

ఇక రెండో నియమం. ముందే చూపించి ఒప్పించుకోవడం గురించి పైన చెప్పిందే కాక ఇంకో సంగతి ఉంది, అది నన్ను ఎక్కువ బాధపెట్టింది. నడిగడ్డ వైపు నుంచి ఒకరు తమ ఇంటి మాటతోనే, కన్నడం వాసన తగిలే గద్వాల మాటతోనే కర్ణుడి మీద కథ రాశారు. ప్రాంప్ట్ ఇచ్చినవాళ్లు చదివి, కథ బాగుంది గానీ భాష మార్చి ‘మంచి తెలుగులో’ పెట్టమన్నారు. ఆయన మార్చారు. నేను రెండూ చదివాను. మొదటిదాంట్లో రాధ కొడుకును పిలిచే పిలుపు వింటే ఇల్లు కనిపించేది. రెండోదాంట్లో ఆమె పాఠ్యపుస్తకంలోని తల్లి అయిపోయింది. నియమం లేనప్పుడే ఇట్ల జరిగితే, ‘ఒప్పించుకొని రావాలి’ అని కాగితం మీద రాసుకున్నాక మన మాటలన్నీ ఎవరి నోటికి తగ్గట్టు మారతాయో ఆలోచించండి.

ప్రాంప్ట్ ఇచ్చేవాళ్లకు హక్కులే లేవా అంటే ఉన్నాయి. వద్దన్నది వద్దనే హక్కు పూర్తిగా ఉంది. ‘పసిపిల్లల చావు వద్దు’, ‘ఆత్మహత్య వద్దు’, ‘సీతమ్మను తక్కువ చేయవద్దు’ అని రాస్తే, ఎందుకని ఎవరూ అడగకూడదు. ఒకరి ఇంట్లో ఏం జరిగిందో మనకేం తెలుసు. ఆ ప్రాంప్ట్ తీసుకున్నవాళ్లు ఆ మాట పాటించాలి, పాటించలేని కథ తోస్తే దాన్ని ఆ ప్రాంప్ట్‌కు ఫిల్‌గా ఇవ్వకుండా విడిగా పెట్టుకోవాలి. కథకు ముందు హెచ్చరికలు రాయడం కూడా అందులో భాగమే. ఆర్కైవ్‌లో ప్రధానంగా నాలుగింటికి హెచ్చరిక అడుగుతారు: తీవ్రమైన హింస, ముఖ్య పాత్ర చావు, అత్యాచారం, మైనర్లతో లైంగిక విషయం. హెచ్చరిక పెట్టదలచుకోకపోతే ఆ సంగతైనా చెప్పే వీలుంది, అప్పుడు చదివేవాళ్లు తెలిసే తెరుస్తారు. నాలుగోదాని మాటకొస్తే, మనలో ఇంటర్ పిల్లలూ ఉన్నారు కాబట్టి అలాంటి ప్రాంప్ట్‌లూ కథలూ మన పండుగలో అసలే వద్దని నా గట్టి అభిప్రాయం. ముసాయిదాలో ఆ మాట లేదు, చేర్చండి.

అడిగేటప్పుడు కొన్ని సంగతులు గమనిస్తే చాలు, సగం గొడవలుండవు. ఒకటి రెండు వాక్యాల్లో అడగండి. మొదలు, మలుపు, ముగింపు, ఎవరు ఎప్పుడు ఏడవాలో కూడా చెప్పేస్తే ఇక రాసేవాళ్లకు మిగిలేదేంటి? అంత స్పష్టంగా కథ కనిపిస్తుంటే అది మీరే రాయాల్సిన కథ, మీ ప్రాంప్ట్‌ను మీరే పూరించుకోవచ్చు, ఎవరూ వద్దనరు. ఒకరు రాసి ముగించిన కథ కింద పోయి ‘రెండో భాగంలో వాళ్లిద్దరికీ పెండ్లి చేయండి’ అని కొత్త ప్రాంప్ట్ పెట్టకండి. ముందు ఆ కథ గురించి నాలుగు మాటలు మాట్లాడండి, కొత్త ఊహలు ఊహల చోట పెట్టండి. ‘ఎంతవరకు వచ్చింది’ అని వారం వారం అడగకండి. ఫిల్ వచ్చాక, అది మీరు అనుకున్నట్టు లేకపోయినా, చదివానని ఒక మాట చెప్పండి. నచ్చకపోతే అంతటితో ఆగండి. దేవరకొండ చెల్లెకు జరిగింది ఇంకొకరికి జరగవద్దు.

కోపం తీర్చుకోవడానికి ప్రాంప్ట్ వాడుకోవడం మనలో పెరుగుతున్నది, దాని గురించీ చెప్పాలి. ఒక హీరో అభిమానులు ఇంకో హీరో పాత్రను అవమానించే కథ రాయమని ప్రాంప్ట్ ఇవ్వడం, అవతలివాళ్లు దానికి బదులుగా ఇంకోటి ఇవ్వడం. ఇష్టంతో రాసేదానికే ఫ్యాన్ ఫిక్షన్ అని పేరు. ఆ ప్రాంప్ట్‌లను నిర్వాహకులు మొదటే పక్కకు పెట్టాలి, అందుకు నియమం కావాలంటే నేను చేయెత్తుతాను.

నిజంగా బతికిన మనుషుల మీద ప్రాంప్ట్‌ల సంగతి ఇంతకంటే సున్నితమైనది. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తూటాకు బలయ్యాడు. అప్పటికి అది నల్లగొండ జిల్లాయే. తన భూమి కోసం దొర మీద నిలబడ్డ చాకలి ఐలమ్మ పాలకుర్తి కూడా అంతే. ‘కొమరయ్య ఆ రోజు బతికి ఉంటే’ అని ఎవరైనా అడిగితే అది పెద్ద ప్రశ్న, గౌరవంగా రాయగలిగినవాళ్లు రాయవచ్చు. అదే మనుషులకు ప్రేమకథలు అంటగట్టడం, ఊళ్లో ఇప్పటికీ వాళ్ల మనుమలు, మునిమనుమలు తిరుగుతుండగా ఇంటి రహస్యాలు కల్పించడం నాకు సమ్మతం కాదు. సాయుధ పోరాటంలో దళాలకు రాత్రిపూట అన్నం మోసిన ముసలమ్మల పేర్లు మన ఊళ్లలో ఇంకా చెప్పుకుంటారు. రాయాలనిపిస్తే పేరు మార్చి, ఊరు మార్చి మీ సొంత పాత్ర చేసుకోండి. బతికున్నవాళ్ల మీద మాత్రం అసలే వద్దు.

రాసేవాళ్లకు చెప్పాల్సింది తక్కువ. ఎవరి ప్రాంప్టో కథకు ముందు చెప్పండి. పేరు వద్దన్నవాళ్లుంటే పేరు లేకుండా చెప్పండి. రాస్తూ రాస్తూ కథ ప్రాంప్ట్‌ను దాటి చాలా దూరం పోతే, ఫలానా ప్రాంప్ట్ చూసి పుట్టిందని రాస్తే సరిపోతుంది. అడిగినదాన్ని వెక్కిరిస్తూ ముందుమాట రాయకండి. నచ్చని ప్రాంప్ట్‌ను వదిలేయడానికి మీకు ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఏఐ మిషన్‌కు ప్రాంప్ట్ ఇచ్చి వచ్చిన కథను తెచ్చి ఫిల్ అని పెట్టడం ఈ ఏడాది కొత్తగా చూస్తున్నాను. అడిగినవాళ్ల దగ్గరా ఫోన్ ఉంది, కావాలంటే ఆ పని వాళ్లే చేసుకునేవారు. మనుషులున్నారని మన దగ్గరికి వచ్చి అడిగారు. కాబట్టి దసరా పండుగకు మనుషులు తామే రాసిన కథలే అని ఒక వాక్యం చేర్చండి.

ముసాయిదాలో మొదటి రెండు నియమాలు కొట్టేసి, కథలు ఒక్కసారే తెరవడం, వద్దన్నవి పాటించడం, హెచ్చరికలు, ఈ మూడూ, పైన చేర్చమన్న మాటలూ పెడితే నాకు చాలు. వచ్చే ఆదివారం నల్లగొండలో కూర్చున్నప్పుడు దీని మీద అందరి మాటా తీసుకోండి. దూరం నుంచి రాలేనివాళ్లవి ఫోన్‌లో అడగండి, ముఖ్యంగా కొత్తవాళ్లవి. అచ్చంపేట తమ్ముణ్ణి, దేవరకొండ చెల్లెను కూడా పిలవండి. వాళ్లకంటే ఈ విషయం తెలిసినవాళ్లు మనలో లేరు.

ఈలోపు నా తరఫున ఒక ప్రాంప్ట్ రాసుకోండి. విరాటుడి వంటింట్లో వలలుడి కింద కట్టెలు కొట్టి, గిన్నెలు తోమిన పిల్లవాడు ఒకడున్నాడు. అజ్ఞాతవాసం ముగిసింది, యుద్ధమూ ముగిసింది. తనకు రోజూ ఒక ముద్ద ఎక్కువ పెట్టిన ఆ వంటమనిషి ఎవరో వాడికి ఇప్పుడు తెలిసింది. నాకు వద్దన్నది ఒక్కటే, ఆ పిల్లవాణ్ణి చంపకండి. మిగతాదంతా మీ ఇష్టం. ఎంతమందైనా రాయండి, అన్నీ చదువుతాను.

ఇట్లు,
మీలో ఒకరు,
మిర్యాలగూడ